ఆసుపత్రి మీది ఆకాశం

సూరత్ నగరపు ఆగ్నేయపు అంచున ఉన్న డిండోలిలో జనవరి 14న ఆకాశం ఖాళీగా ఉండదు. గుజరాతీలు ఉత్తరాయణ్ అని పిలుచుకునే మన సంక్రాంతి అది. ప్రతి డాబా మీదా ఒక కుటుంబం చేరుతుంది. తండ్రి గాలిపటం ఎగరేస్తూ ఉంటే పిల్లవాడు చరఖా పట్టుకుని నిలుచుంటాడు. డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో ఆ కేకలలో తెలుగు కేకలు కూడా వినవస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన నేతకుటుంబాలవి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే పాఠశాలలలో తెలుగు మాధ్యమానికి కూడా చోటు దొరికిందంటే ఆ వలస ఎంత వేళ్లూనుకున్నదో ఊహించుకోవచ్చు.

ఆ నేతకారుల మనుమల చేతికి ఇప్పుడు దారంలేని గాలిపటం ఒకటి వచ్చింది. నాలుగు చిన్న పంకాలు, కడుపులో ఒక కెమెరా, చేతిలో ఒక మీటల పెట్టె. అదే డ్రోన్. పినతండ్రి కూతురి పెళ్లి ఊరేగింపును పైనుంచి చిత్రీకరించాలనో, తమ వీధి ఆకాశం నుంచి ఎలా కనిపిస్తుందో చూడాలనో యువకులు ముచ్చటపడతారు. ముచ్చట తప్పు కాదు. అయితే పెద్ద నగరాలలో ఆకాశం మరికొందరికి కూడా దారి. వారిలో అందరికంటె తొందరలో ఉన్నవాడు, ప్రాణాపాయంలో ఉన్న రోగిని తీసుకుని ఆసుపత్రి మేడమీద దిగవలసిన హెలికాప్టర్ చోదకుడు.

చట్టం దృష్టిలో ఈ ఆటవస్తువు విమానమేనా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. అనువాదం వృత్తిగా గలవాణ్ణి గనుక చట్టాలలో నిర్వచనాలు చదవడం నాకు అలవాటు. 1934 నాటి మన విమానాల చట్టం 'విమానం' అన్న మాటకు అర్థం చెబుతూ బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాలను కూడా ఆ జాబితాలో చేర్చింది! తొంభై ఏళ్ల తరువాత ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. గాలిపటాన్నే వదలని చట్టం డ్రోన్‌ను వదులుతుందా?

డ్రోన్ల కోసం ప్రత్యేక నిబంధనలు 2021 ఆగస్టు 25న వెలువడ్డాయి. బరువునుబట్టి అవి డ్రోన్లను ఐదు తరగతులుగా విభజించాయి. 250 గ్రాముల వరకు నానో. అక్కడినుంచి రెండు కిలోల వరకు మైక్రో. ఆపైవి చిన్నవి, మధ్యరకం, పెద్దవి. సరదాగా ఎగరేసేవారి చేతులలో ఉండేవి సాధారణంగా మొదటి రెండు తరగతులవే. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను ప్రభుత్వం వద్ద నమోదు చేయించి గుర్తింపు సంఖ్య పొందవలె. నానో డ్రోన్‌కు గాని, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే మైక్రో డ్రోన్‌కు గాని చోదక ధ్రువపత్రం అక్కరలేదు. ఇక్కడొక మెలిక ఉన్నది. చెల్లెలి పెళ్లికి ఉచితంగా బొమ్మలు తీసిన కుర్రవాడు ఆ మైక్రో డ్రోన్‌తోనే పక్కింటి పెళ్లికి డబ్బు పుచ్చుకుని తీస్తే అది వ్యాపారమవుతుంది. అప్పుడు ధ్రువపత్రం కావలె. నిబంధనల ఉల్లంఘనకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణాలకు అపాయం తెచ్చిన పక్షంలో భారతీయ న్యాయసంహిత సంగతి వేరే.

ఎక్కడ ఎగరవేయవచ్చునన్న ప్రశ్నకు సమాధానం ఒక పటంలో ఉన్నది. దేశపు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు రంగులుగా పంచి చూపే ఆ పటాన్ని కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో అంతర్జాలంలో ఉంచింది. ఆకుపచ్చ ప్రదేశంలో 400 అడుగుల ఎత్తు వరకు, అంటే సుమారు 120 మీటర్ల వరకు, ఎవరి అనుమతీ అక్కరలేదు. విమానాశ్రయపు సరిహద్దు నుంచి 8 మొదలు 12 కిలోమీటర్ల వరకు ఉన్న వలయంలో ఈ స్వేచ్ఛ 200 అడుగులకే పరిమితం. పసుపుపచ్చ ప్రదేశానికి విమానరాకపోకల నియంత్రణాధికారి అనుమతి కావలె. ఎరుపు ప్రదేశానికి కేంద్ర ప్రభుత్వం అనుమతే కావలె.

సూరత్ విమానాశ్రయం నగరానికి నైరుతిన మగ్దల్లా వైపున ఉన్నది. అక్కడినుంచి డిండోలికి సరళరేఖ గీస్తే సుమారు 14 కిలోమీటర్లు. అంటే పన్నెండు కిలోమీటర్ల వలయపు అంచు ఈ పేటకు చేరువలోనే ఎక్కడో ముగుస్తుందన్నమాట. డాబా మీద నిలబడి కంటితో అంచనా వేయగల హద్దు కాదు అది. పటం చూడక తప్పదు. అదైనా ఒక్కసారి చూసి ఊరుకుంటే చాలదు. ఎగరేసే ప్రతిసారీ చూడాలని నిబంధన. ఎందుకంటే రంగులు మారుతూ ఉంటాయి. అవసరమనిపిస్తే రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రదేశాన్ని 96 గంటలకు మించకుండా తాత్కాలికంగా ఎరుపు చేయవచ్చు. 2025 మే 9న, సరిహద్దులో ఉద్రిక్తత నెలకొన్న రోజులలో, గుజరాత్ హోంశాఖ సహాయమంత్రి హర్ష్ సంఘవీ ఆ నెల 15 వరకు రాష్ట్రంలో ఏ వేడుకలోనూ బాణసంచా గాని డ్రోన్లు గాని కూడదని ప్రకటించారు. ఆ వారం ముహూర్తాలు పెట్టుకున్న పెళ్లివారికి పాత పటం ఏమాత్రం ఉపకరించేది కాదు.

ఇంతవరకు చెప్పినదంతా చట్టం. నన్ను ఆలోచనలో పడవేసినది ఆ చట్టం మౌనంగా ఉన్న చోటు. వలయాల కొలతలన్నీ విమానాశ్రయపు సరిహద్దు నుంచి మొదలవుతాయి. ఆసుపత్రి మేడమీద తెల్లని శిలువ, దాని నడుమ ఎర్రని 'హెచ్' అక్షరం ఉన్న చిన్న చదరం చుట్టూ ఇంతదూరం వదలాలన్న కొలత ఆ నిబంధనలలో లేదు. కాబట్టి పటం ఆకుపచ్చగా ఉన్నదని ధైర్యంగా ఆసుపత్రి పక్క వీధి నుంచి డ్రోన్ లేపేవాడు చట్టం ముందు నిర్దోషిగానే నిలబడవచ్చు. కాని అవే నిబంధనలలో మరొక వాక్యం ఉన్నది: మనుషులు ప్రయాణించే విమానానికి ఆకాశంలో దారి హక్కు ముందు, మనుషులు లేనిది దానికి తొలగి తీరవలె. ఇది అన్ని రంగులకూ వర్తిస్తుంది.

దారి ఇవ్వడం అన్నంత సులభం కాదు. లెక్క వేసి చూడండి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే హెలికాప్టర్ నిమిషానికి మూడు కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. చట్టం అనుమతించిన 120 మీటర్ల ఎత్తులో ఉన్న డ్రోన్‌ను సెకనుకు మూడు మీటర్ల చొప్పున దించితే నేలను తాకడానికి 40 సెకన్లు పడుతుంది. ఆ 40 సెకన్లలో హెలికాప్టర్ రెండు కిలోమీటర్ల పైచిలుకు వచ్చేస్తుంది. దిగబోయేముందు అది వేగం తగ్గిస్తుంది, నిజమే. కాని అప్పటికే ఎత్తు కూడా తగ్గించి డ్రోన్ ఉండే మట్టానికి చేరుకుంటుంది. ఎత్తయిన భవనాల మధ్య దాని చప్పుడు గోడలకు తగిలి మారుమోగడంవల్ల ఏ దిక్కునుంచి వస్తున్నదో చెవికి తెలియదు. చోదకుడు డ్రోన్‌ను చూసి తప్పుకోవచ్చు కదా అంటారా? పావురమంత వస్తువు నగరపు కప్పుల నేపథ్యంలో కంటికి ఆనదు. పైగా ఢీకొనే దారిలో ఉన్న వస్తువు కంటికి పక్కకు జరుగుతున్నట్లు కనిపించదు. ఉన్నచోటనే ఉండి చివరి క్షణాలలో హఠాత్తుగా పెద్దదవుతుంది.

తగిలితే ఏమవుతుంది? హెలికాప్టర్ పై రెక్కల కొసలు గంటకు 700 కిలోమీటర్లను మించిన వేగంతో తిరుగుతాయి. తోక చివరనుండే చిన్న పంకా మరీ సున్నితం. పెద్ద రెక్క తిరిగినప్పుడు శరీరం గింగిరాలు తిరగకుండా ఆపేది అదే. 2017 సెప్టెంబరు 21న న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలండ్ వద్ద అమెరికా సైన్యపు బ్లాక్‌హాక్ హెలికాప్టర్ సుమారు 300 అడుగుల ఎత్తులో ఒక డ్రోన్‌ను ఢీకొన్నది. రెక్కకు అంగుళంన్నర సొట్ట పడింది. అదృష్టవశాత్తు క్షేమంగా దిగింది. హెలికాప్టర్‌లో చిక్కుకున్న డ్రోన్ మోటారు తునకను పట్టుకుని అమెరికా రవాణా భద్రతా మండలి దాని యజమానిని కనుగొన్నది. అతడు రెండున్నర మైళ్ల దూరాన కూర్చుని తెరమీది బొమ్మను చూస్తూ దాన్ని నడిపాడు. బొమ్మ ఆగిపోయినప్పుడు యంత్రం చెడి ఉంటుందనుకుని, తిరిగి వస్తుందేమోనని అరగంటసేపు ఎదురుచూసి వెళ్లిపోయాడు. దర్యాప్తు అధికారులు పలకరించేదాకా ప్రమాదం జరిగినట్లే అతనికి తెలియదు!

2025 జనవరి 9న లాస్ ఏంజిలిస్‌లో జరిగినది మరింత విచారకరం. నగరపు అంచున కొండలు తగులబడుతున్నాయి. మంటలను చూడాలన్న కుతూహలంతో ఒక వ్యక్తి వాహనాలు నిలిపే భవనం పైకప్పు నుంచి అరచేతిలో పట్టే చిన్న డ్రోన్‌ను లేపాడు. రెండున్నర కిలోమీటర్లు వెళ్లి అది కంటికి కనిపించకుండా పోయింది. కెనడాలోని క్యుబెక్ నుంచి సాయం వచ్చిన నీళ్లు చల్లే విమానపు రెక్కకు తగిలి చిల్లు పొడిచింది. ఇళ్లు కాలుతున్న వేళ ఆ విమానం కొన్ని రోజులపాటు పనిలోనుంచి తప్పుకోవలసి వచ్చింది. ఆ వ్యక్తి నేరం ఒప్పుకుని వేలాది డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఈ రెండు ఉదంతాలలోనూ దురుద్దేశం లేదు. రెండింటిలోనూ డ్రోన్ కంటిచూపు దాటిపోయింది.

మన దేశంలో ఈ చిక్కు మున్ముందు పెరిగేదే గాని తగ్గేది కాదు. 2024 అక్టోబరు 29న ప్రధానమంత్రి రిషీకేశ్‌లోని ఎయిమ్స్ నుంచి హెలికాప్టర్ అంబులెన్స్ సేవను ప్రారంభించారు. అదేరోజున రిషీకేశ్‌తో సహా పదకొండు వైద్యసంస్థలలో మందులు, రక్త నమూనాలు మోయడానికి డ్రోన్ సేవలు కూడా మొదలయ్యాయి. వాటిలో మన మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నాయి. డిండోలి నేతకారుల పూర్వికులలో ఎందరో నడచిన నల్లగొండ దారిలోనిదే ఆ బీబీనగర్. అంతకు మూడేళ్ల ముందే, 2021 సెప్టెంబరులో, వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగాన్ని తెలంగాణ ప్రభుత్వం ఆరంభించింది. అయితే అవి ముందుగా నిర్ణయించిన దారిలో, అనుమతులతో, ఒకరి రాకపోకలు మరొకరికి తెలిసేలా ఎగురుతాయి. డాబా మీది కుర్రవాడికి అటువంటి ఏర్పాటు ఏదీ ఉండదు. అందువల్ల అతడే తన జాగ్రత్త చూసుకోవలె.

మొదటి జాగ్రత్త స్థలం ఎంపిక. హెలిపాడ్ ఉన్న మేడ మీ కంటికి కనిపిస్తున్నదంటే ఆ చోటు డ్రోన్‌కు తగినది కాదని నా అభిప్రాయం. చట్టం ఏమన్నా సరే. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, చుట్టుపక్కల ఇళ్ల ఎత్తు మించకుండా ఎగరేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ముప్పై మీటర్ల ఎత్తునుంచి నేలకు పది సెకన్లే కదా! హెలికాప్టర్ వీలైనంతవరకు గాలికి ఎదురుగా దిగుతుంది. వానాకాలంలో నైరుతి గాలి వీస్తుంటే అది ఈశాన్యపు దిక్కునుంచి వస్తుందని ఎదురుచూడవలె. శీతకాలంలో గాలి మళ్లితే దారి కూడా మళ్లుతుంది. గాలిపటాలు ఎగరేసినవారికి ఈ గాలివాటం వేరే నేర్పనక్కరలేదు. ఆసుపత్రి కార్యాలయానికి ఒకసారి వెళ్లి, హెలికాప్టర్ ఎప్పుడైనా దిగుతుందా, ఏ వైపునుంచి వస్తుంది అని అడగడంలో నామోషీ లేదు.

పక్కన ఇంకొకరు ఉండాలి. చోదకుని చూపు తెరమీదికి జారుతూ ఉంటుంది. రెండవవాడి పని ఆకాశాన్ని చూడడం, చెవి ఒగ్గడం, అంతే. ఉత్తరాయణ్ నాడు చరఖా పట్టుకునే తమ్ముడే ఇందుకు తగినవాడు.

ఇక చాలామందికి తెలియని విషయం ఒకటి. ఈ యంత్రాలలో 'ఇంటికి తిరిగి రా' అనే మీట ఉంటుంది. కంగారుపడినప్పుడు వేలు దానిమీదికే వెళుతుంది. అది నొక్కితే డ్రోన్ సాధారణంగా వెంటనే దిగదు. దారిలో చెట్లూ మేడలూ తగలకుండా ముందుగా నిర్ణయించిన ఎత్తుకు లేచి, ఆ తరువాతనే వెనుదిరుగుతుంది. హెలికాప్టర్ వస్తున్నవేళ ఇది సరిగా విపరీతమైన పని. సంకేతం తెగిపోయినా అది ఇదే చేస్తుంది. అందుచేత ఆ ఎత్తును ఎగరేయకముందే పరిసరాలకు సరిపోయేంత తక్కువకు అమర్చుకోవలె. చప్పుడు వినబడగానే ఆ మీట జోలికి పోకుండా, ఉన్నచోటనే నిట్టనిలువుగా కిందికి దించవలె. కింద మనుషులుంటే దగ్గరి ఖాళీ స్థలంలోకి. హెలికాప్టర్ దిగే అందమైన దృశ్యం ఒక్కటి తీసుకుందామన్న ఆశ అప్పుడే పుడుతుంది, దానికి లొంగరాదు.

డ్రోన్ అదుపుతప్పి ఆసుపత్రి ప్రాంగణంలోనో మేడమీదనో పడితే స్వయంగా వెతుక్కోబోకండి. వెంటనే ఆసుపత్రివారికి చెప్పండి. టన్నుల బరువైన హెలికాప్టర్ కిందికి తోసే గాలికి చిన్న తునక కూడా లేచి రెక్కలకు తగలవచ్చు. మాట పడవలసి వస్తుందని దాచిపెడితే తరువాత వచ్చే రోగికి అపాయం. ప్రమాదం జరిగిన పక్షంలో 48 గంటలలోగా పౌరవిమానయాన డైరెక్టర్ జనరల్‌కు నివేదించాలన్న నిబంధన కూడా ఉన్నది.

హెలికాప్టర్ దిగగానే ఆకాశం మనదే అనుకోకూడదు. రోగిని అప్పగించి అది కొద్ది నిమిషాలలోనే తిరిగి లేవవచ్చు. ఒక్కొక్కప్పుడు రెక్కలు ఆపకుండానే లేస్తుంది, వచ్చిన దిక్కునే పోతుందన్న నియమమూ లేదు. అది వెళ్లిపోయి, చప్పుడు కూడా పూర్తిగా అణగేదాకా డ్రోన్ బ్యాటరీ మీ జేబులో ఉండవలె.