క్రీడా ఛాయాచిత్రాల విక్రయం – చట్టం ఏమి చెబుతోంది?

గ్రామీణ కబడ్డీ పోటీలు మొదలుకొని హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జరిగే పోటీల వరకు క్రీడాకారుల విన్యాసాలను కెమెరాలో బంధించి, ఆ చిత్రాలను విక్రయించి ఉపాధి పొందుతున్నవారు అనేకులు. ఒకే ఛాయాచిత్రం క్రీడాకారిణి తల్లిదండ్రులకు జ్ఞాపికగాను, పత్రికకు వార్తాచిత్రంగాను, వ్యాపార సంస్థకు ప్రకటన చిత్రంగాను అమ్ముడుపోవచ్చు. అయితే ఈ మూడు విక్రయాలకు వర్తించే నియమాలు ఒకటి కావు. చిత్రంపై హక్కు ఎవరిది, మైదానంలోకి ఏ షరతులపై ప్రవేశం లభించింది, కొనుగోలుదారు ఆ చిత్రాన్ని దేనికి వినియోగించనున్నాడు అనే మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకొన్న తరువాతనే విక్రయానికి పూనుకోవడం శ్రేయస్కరం.

కాపీరైటు ఎవరికి చెందుతుంది?

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ఛాయాచిత్రం ఒక కళాకృతి. దానిని తీసిన వ్యక్తే దాని కర్త. చిత్రం తీసిన క్షణం నుండే హక్కు సంక్రమిస్తుంది. ఇందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గతంలో ఛాయాచిత్రాల కాపీరైటు ప్రచురణ నుండి 60 సంవత్సరాలు మాత్రమే ఉండేది. 2012 సవరణ అనంతరం అది కర్త జీవితకాలానికి, ఆపై మరో 60 సంవత్సరాలకు విస్తరించింది.

కాగా, చిత్రం తీసినవారే అన్ని సందర్భాలలోను హక్కుదారులు కారు. చట్టంలోని 17వ సెక్షన్ ఇందుకు ముఖ్యమైన మినహాయింపులను పేర్కొంది. ఒక క్రీడా సంఘం ప్రతిఫలం చెల్లించి తన పోటీలను చిత్రీకరింపజేసుకొన్నప్పుడు, వేరే ఒప్పందం లేనట్లయితే, ఆ ఛాయాచిత్రాలపై తొలి హక్కు సంఘానిదే. పత్రికలో ఉద్యోగిగా ఉంటూ పత్రిక కోసం తీసిన చిత్రాన్ని ప్రచురించే హక్కు యాజమాన్యానికి చెందుతుంది. ఇతర వినియోగాల హక్కు, భిన్నమైన ఒప్పందం లేకుంటే, ఛాయాగ్రాహకునిదే. ఈ వ్యత్యాసం తెలియకపోవడం వలన తాము తీసిన చిత్రాన్ని తామే అమ్ముకోలేని పరిస్థితి కొందరికి ఎదురుకావచ్చు.

టెలివిజన్ ప్రసారం నుండి తీసుకొన్న నిశ్చల చిత్రాలను స్వంత ఛాయాచిత్రాలుగా అమ్మడం చెల్లదు. దృశ్య చిత్రంలోని ఒక బొమ్మను ఛాయాచిత్రంగా నకలు చేసే హక్కు కూడా ఆ దృశ్య చిత్ర హక్కుదారునిదేనని 14వ సెక్షన్ స్పష్టం చేస్తోంది.

మైదాన ప్రవేశ షరతులు

టికెట్టుపైన, పత్రికా ప్రతినిధుల ప్రవేశ పత్రంపైన ముద్రించిన షరతులు ఒప్పందంలో భాగమే. చిత్రాలను వార్తా ప్రయోజనాలకు మాత్రమే వాడాలని, వాణిజ్యపరంగా విక్రయించరాదని వాటిలో నిబంధన ఉండవచ్చు. దానిని అతిక్రమించినవారికి చిత్రంపై కాపీరైటు ఉన్నప్పటికీ, నిర్వాహకులు ఒప్పంద ఉల్లంఘనపై చర్య తీసుకొనవచ్చు. తదుపరి పోటీలకు ప్రవేశం నిరాకరించవచ్చు. ఈ ప్రవేశాధికారం ఎంత కీలకమైనదో 2012 నవంబరులో వెల్లడైంది. ఇంగ్లాండ్ జట్టు భారత పర్యటన సందర్భంగా క్రికెట్ నియంత్రణ మండలి కొన్ని ఛాయాచిత్ర సంస్థలకు అనుమతి నిరాకరించగా, రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్, ఏ.ఎఫ్.పి. వార్తాసంస్థలు నిరసనగా తమ కవరేజీని నిలిపివేశాయి.

క్రీడాకారుని సమ్మతి ఎప్పుడు అవసరం?

బహిరంగ పోటీలో తీసిన చిత్రాన్ని వార్తగా ప్రచురించడం వేరు. అదే చిత్రాన్ని శీతల పానీయం లేదా బూట్ల ప్రకటనలో వాడడం వేరు. ఒక వ్యక్తి పేరును గాని, రూపాన్ని గాని సమ్మతి లేకుండా ప్రకటనలకు వినియోగించడం అతని ఏకాంత హక్కుకు భంగకరమని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసు తీర్పులో పేర్కొంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని అదే న్యాయస్థానం 2017లో పుట్టస్వామి కేసులో ప్రకటించింది. ప్రచార హక్కు వ్యక్తికే ఉంటుందని, క్రీడోత్సవానికి ఉండదని ఢిల్లీ హైకోర్టు 2003లో తెలిపింది. కాబట్టి ప్రకటన కోసం చిత్రాన్ని విక్రయించే ముందు క్రీడాకారుని లిఖితపూర్వక సమ్మతి పొందడం అవసరం. నిర్వాహకుల అనుమతి దీనికి ప్రత్యామ్నాయం కాజాలదు. చిత్రంలో కనిపించే సంస్థల చిహ్నాలకు ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 రక్షణ ఉన్నదనే విషయాన్ని కూడా విస్మరించరాదు.

బాలల విషయంలో ప్రత్యేక జాగ్రత్త

పాఠశాల క్రీడోత్సవాలలో తీసిన చిత్రాలను ఇంటర్నెట్‌లో అమ్మకానికి ఉంచేవారు మరింత బాధ్యతతో వ్యవహరించాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారు బాలలే. వారి డేటా వినియోగానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడగా, దశలవారీ అమలుకు వీలు కల్పించారు. పరుగు పందెంలో గెలిచిన బాలిక చిత్రం ఆమె పేరు, పాఠశాల, ఊరి వివరాలతో సహా అపరిచితుల చేతికి చేరితే కలిగే హానిని ఏ పరిహారమూ పూడ్చజాలదు. అందుచేత అట్టి చిత్రాలను తల్లిదండ్రులకు నేరుగా అందజేయడమే ఉత్తమం.

ఒప్పందం, పరిహారం

కాపీరైటు బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో ఏ చిత్రం, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత ప్రతిఫలం అనే అంశాలు ఉండాలి. కాలపరిమితి పేర్కొనకపోతే 5 సంవత్సరాలుగాను, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమైనట్లుగాను చట్టం పరిగణిస్తుంది. హక్కునంతటినీ బదిలీ చేయకుండా ఒక నిర్ణీత వినియోగానికి మాత్రమే లైసెన్సు ఇచ్చే వీలున్నదని యువ ఛాయాగ్రాహకులు గుర్తించాలి. చిత్రాన్ని వక్రీకరించి ప్రతిష్ఠకు భంగం కలిగించినట్లయితే, హక్కును బదిలీ చేసిన తరువాత కూడా కర్త అభ్యంతరం చెప్పవచ్చు.

అనుమతి లేకుండా చిత్రాన్ని వాడుకొన్నవారిపై నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా వేయవచ్చు. ఉద్దేశపూర్వక ఉల్లంఘన రుజువైతే 63వ సెక్షన్ క్రింద సాధారణంగా 6 నెలల నుండి 3 సంవత్సరాల జైలు, 50 వేల రూపాయల నుండి 2 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. ఇట్టి వివాదాలలో అసలు డిజిటల్ ఫైళ్లు, ప్రవేశ పత్రాలు, సమ్మతి పత్రాలు, రశీదులు కీలక సాక్ష్యాలవుతాయి గనుక, వాటిని పోటీ తేదీల వారీగా భద్రపరచుకొనడం ప్రతి ఛాయాగ్రాహకునికి అవసరం.