కొత్త జీపుకు పాత కచ్చురం కొలతలు

మట్టెవాడ: మేడారం జాతరకు బండి సిద్ధం చేసుకోవడం వరంగల్ ప్రజలకు కొత్త విద్య కాదు. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు పోయిన కుటుంబం రెండు మూడు రాత్రులు అడవి అంచున గడపాలి. పడక, వంటసామాను, నీళ్ళు, మొక్కు బెల్లం అన్నీ వెంట వుండాలి. వెనకటివారు ఈ ఏర్పాటంతా కచ్చురంలో, అంటే గూడు కట్టిన సవారీ ఎడ్లబండిలో చేసుకునేవారు. ఇప్పుడు కొత్త జీపులు కొన్న యువకులు అదే ఏర్పాటును వేలకు వేలు పోసి చేయించుకుంటున్నారు. పోసిన డబ్బు పనికివచ్చే చోట పడుతున్నదా అన్నది విచారించదగిన విషయం. మా యింట్లోనే జరిగిన ముచ్చట కావడం వల్ల ఈ వ్యాసకర్తకు దానిని దగ్గరగా చూసే అవకాశం కలిగింది.

2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగిన జాతరకు రెండు నెలల ముందు మా తమ్ముడి కొడుకు అయిదు తలుపుల థార్ రాక్స్ కొన్నాడు. కంపెనీవారు ఏ పేరు పెట్టినా మన వైపు అది జీపే. 1940ల చివర్లో విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించడంతో మొదలైన మహీంద్రావారి వరుసలో ఇది 2024 ఆగస్టు 15న వచ్చిన బండి. పొడవు 4,428 మిల్లీమీటర్లు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2,850 మిల్లీమీటర్లు. ఈ రెండో కొలత ఎందుకు చెబుతున్నదీ ముందు ముందు తెలుస్తుంది.

బండి వచ్చిన వారానికే పైకప్పు మీద ఇనుప క్యారియరు ఎక్కింది. దాని ముందు లైట్ల పట్టీ ఎక్కింది. పడక సంగతి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అడిగితే, "సీట్లు మడిస్తే అదే మంచం గద పెద్దనాయనా" అన్నాడు. సీటు మడిచినంత మాత్రాన నేల చదును కాదు, నడుం కింద మెట్టు వస్తుంది. పైగా సామాను వున్న చోట మనిషి పడుకోలేడు, మనిషి పడుకున్న చోట సామాను వుండదు. ఈ రెంటినీ ఒకే చోట యిమడ్చడమే అసలు పని.

ఓ ఆదివారం లక్నవరం దాకా పోయి చూశాం. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు క్యారియరు మీద, వంటసామాను ఇనుప పెట్టె డిక్కీ చివర, దాని పక్కన గ్యాసు. ములుగు దాటిన తర్వాత ప్రతి మలుపులోనూ బండి ఒరిగి, ఒక క్షణం ఆగి, మళ్ళీ నిలబడుతున్నట్టు అనిపించింది. గోవిందరావుపేట రాకముందే రోడ్డు మీదికి బర్రెలు వచ్చాయి. బ్రేకు వేయగానే వెనకనున్న పెట్టె జారి ముందు సీటు వీపుకు గుద్దుకుంది. ఆ సీటులో మా మరదలు కూర్చొని వుంది. దెబ్బ తగలలేదు గాని ఆ రోజుకు విహారం అయిపోయింది.

వేగంగా పోతున్న బండి దేనికైనా గుద్దుకొని ఆగితే లోపలి వస్తువు తన బరువుకు ఇరవై రెట్ల బలంతో ముందుకు రావడం అసాధారణం కాదు. ఇరవై కిలోల పెట్టె ఆ క్షణాన నాలుగు క్వింటాళ్ళ పెట్టె.

ఇంటికి వచ్చాక జరిగింది చెబితే మా అమ్మ నవ్వింది. ఆమె చిన్నతనంలో వాళ్ళ యింటివారు కచ్చురం కట్టుకొని మేడారం పోయేవారు. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ఎడ్లు రోజుకు పాతిక, ముప్పై కిలోమీటర్లకు మించి నడవవు. అంటే పోవడానికే నాలుగు రోజులు. బండి నేల మీద వరిగడ్డి పరిచి పైన జంపఖానా వేసేవారు. అది పిల్లలకు పడక. తిరుగుదారికి ఆ గడ్డే ఎడ్లకు మేత. గిన్నెల మూట బండి కింద ఇరుసు దగ్గర గోనెపట్టా జోలెలో వేలాడేది. మగవాళ్ళు బండి కిందనే పడుకునేవారు. గూటికి ముందూ వెనకా తెర వుండేది గాని పూర్తిగా మూసేవారు కాదు.

"ముందట బరువైతే ఎడ్ల మెడలు గుంజుతయి. ఎనుక బరువైతే కాడి లేస్తది. బరువు ఇరుసు మీద గూసోవాలె. మీ జీపుకు గా లెక్క లేదా కొడుకా?" అన్నది మనుమడితో.

లెక్క వుంది. వెనక ఇరుసుకు అర మీటరు వెనకగా వంద కిలోలు పెడితే, 2,850 మిల్లీమీటర్ల బండిలో ముందు చక్రాల మీంచి పదిహేడు కిలోల పైచిలుకు బరువు లేచిపోతుంది. త్రాసు లాగే. స్టీరింగు తిప్పే చక్రాలూ అవే కదా. నెత్తిన పెట్టిన బరువుది యింకో రకం యిబ్బంది. మలుపులో బండిని బయటికి ఒరిగించేది అదే. కచ్చురానికి ఇరుసు ఒకటే కాబట్టి బరువు దాని మీద కూర్చోవాలి. జీపుకు ఇరుసులు రెండు కాబట్టి బరువు వాటి మధ్య, సాధ్యమైనంత కింద, ముందు సీట్ల వెనకనే వుండాలి. మొక్కు కోసం తూచిన బెల్లం సంగతి కూడా యిక్కడే చెప్పాలి. కుర్రవాడి నిలువెత్తు బంగారం 62 కిలోలు. దానిని క్యారియరు మీద పెట్టాలన్న ఆలోచన ఆ పూటతో పోయింది.

తర్వాత పని మట్టెవాడలోనే ఒక వడ్రంగి చేత చేయించాం. వెనక సీట్లు మడిచి, వాటి పైన ఇనుప చట్రం, చట్రం మీద రెండు ముక్కల ప్లైవుడ్ బల్ల. మొదట పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం అనుకున్నాం. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ఆ రేకు ఒక్కటే ముప్పై అయిదు కిలోల దాకా తూగుతుంది. కింద చట్రం వున్నప్పుడు పన్నెండు మిల్లీమీటర్లది చాలు, పది కిలోలు కలిసివచ్చాయి. పొడవు చాలలేదు. ముందు సీటును చివరిదాకా ముందుకు జరిపి, బల్లకు కీలు వేసి ఒక రెక్క అమర్చాక ఆరడుగుల మనిషి కాళ్ళు చాపుకోగలిగాడు. బల్ల కింద ముందుభాగంలో బెల్లం, నీళ్ళు; వెనక తలుపు దగ్గర స్టవ్వు, గిన్నెలు, తేలికైనవి. ప్రతి పెట్టెకూ పట్టీ. వడ్రంగి నేలకు రంధ్రాలు వేస్తానన్నాడు, వద్దన్నాం. కింద ఇంధనం గొట్టాలు, వైర్లు ఏ దారిన పోతున్నాయో పైనుంచి కనబడదు. చట్రాన్ని బండిలో ముందే వున్న బిగింపులకు పట్టీలతో గట్టిగా కట్టేశాం. బండి కదిలేటప్పుడు ఆ బల్ల మీద ఎవరూ కూర్చోరాదన్నది యింట్లో అందరూ ఒప్పుకున్న షరతు. జాతరకు మిగతావాళ్ళు బస్సులో వచ్చారు.

పరుపు కొనలేదు. కొత్తవాడ నేత జంపఖానాలు రెండు మడతలుగా వేశాం. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు ఇవే. నూలు గనుక చెమట పీలుస్తాయి, ఉతికి ఆరవేస్తే గంటల్లో మళ్ళీ సిద్ధం. స్పాంజి పరుపు తడిస్తే రెండు రోజులు ఆరదు.

ఇక గాలి. జాతరకు ముందు ఒక రాత్రి కుర్రవాడు వీధిలోనే, యింటి ముందు, జీపులో పడుకొని చూశాడు. చలికి అద్దాలన్నీ మూసుకున్నాడు. తెల్లవారేసరికి అద్దాల లోపలినుంచి నీళ్ళు కారుతున్నాయి, జంపఖానా చెమ్మ, తల బరువు. వీధి కుక్కలు రాత్రంతా కాపలా కాశాయని యిరుగుపొరుగు వేళాకోళం చేశారు. ఊపిరిలోని తేమకు బయటికి పోయే దారి లేకపోతే జరిగేది అంతే. అదింతవరకు నవ్వులాట. కాని అతడు తర్వాత అన్న మాట నవ్వులాట కాదు. "ఎండకాలం వస్తే ఇంజను నడిపి ఏసీ ఏసుకుంట" అన్నాడు.

నిలిపిన బండిలో ఇంజను నడుపుతూ నిద్రపోయి మళ్ళీ లేవనివారి వార్తలు ఈ పత్రికల్లోనే వస్తుంటాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. తల తిరగడం తెలిసేలోపు లేచే శక్తి పోతుంది. బొగ్గుల కుంపటి, గ్యాసు స్టవ్వు లోపల వెలిగించినా ప్రమాదమే. జాతరలో యింకో చిక్కు కూడా వుంది. మన ఇంజను ఆపినా, పక్కన నిలిపిన బండి పొగగొట్టం మన కిటికీ వైపు వుండవచ్చు. అందువల్ల నిలిపేటప్పుడే చూసుకోవాలి. మేము ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ళ సందు దించి, వాటికి దోమతెర గుడ్డ అంటించాం. గూటి తెరలను పూర్తిగా మూయని ఆచారం వూరికే రాలేదనిపించింది.

చట్టం గురించి చాలామంది కొత్త యజమానులకు తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో వున్న తయారీదారు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనినే స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ముందు బిగించే ఇనుప గార్డులను కేంద్రం 2017 డిసెంబరులోనే కూడదన్నది. సీట్లు వూడదీస్తే పత్రంలోని సీట్ల సంఖ్య తప్పుతుంది. విప్పి పక్కన పెట్టగలిగే బల్ల, పెట్టెలు మాత్రం సామానే. ఆ తేడా తెలిశాక మావాడు క్యారియరునూ లైట్ల పట్టీనీ తీసివేయించాడు. బిగించిన దుకాణంవారు డబ్బు వాపసు యివ్వలేదు, అడగడం కూడా అనవసరమే.

జాతరలో బల్ల బాగానే నిలిచింది. బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెలకు వచ్చారు. పోలీసులు చూపిన చోట బండి నిలిపి, బెల్లం నెత్తిన పెట్టుకొని నడిచాం. చీమల సంగతి మాత్రం ముందుగా తోచలేదు. బెల్లం గోనెసంచిలో గాక మూత గల డబ్బాలో పెట్టవలసింది. రెండో రాత్రి జంపఖానా దులపడంతోనే సరిపోయింది. అమ్మ లోపల పడుకోనన్నది. బండి పక్కన టార్పాలిన్ కింద పడుకున్నది.

కుర్రవాడి తర్వాతి ఆలోచన వానాకాలంలో వాగులు దాటడం. ఈ జీపు 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందని కంపెనీవారి మాట. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజున కురిసిన వానే 649.8 మిల్లీమీటర్లు. ఆ వరదలోనే జంపన్నవాగు కొండాయి గ్రామంలో ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. కంపెనీ లెక్క నిలిచిన నీటికి వర్తిస్తుంది, పారే వాగుకు కాదు. ఈ మాట అతడికి చెప్పాం. విన్నాడో లేదో ఆగస్టులో తెలుస్తుంది.

బల్ల ప్రస్తుతం మా యింటి వాకిట్లో రెండు ఇటుకల మీద వుంది. అమ్మ దాని మీద మిరపకాయలు ఆరబోస్తున్నది.