బ్లీచింగ్ మానొద్దు... ముందు నీటిని తేటపరచండి

కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయని బోరు నీళ్లు పట్టుకుంటున్నారా? క్లోరిన్ కలిపితే క్యాన్సర్ వస్తుందట, ఓజోన్ పట్టిన క్యాను నీళ్లయితే ఏ భయమూ లేదట అని ఎవరైనా చెబితే నమ్మారా? అందులో నిజమెంతో, అపోహ ఎంతో తెలుసుకోండి.

ముండ్లమూరు, దర్శి, పొదిలి ప్రాంతాల వారికి ఇది మరీ ముఖ్యం. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి తాలూకాలు ఆ రోజుల్లో ఆ జిల్లాలోవే. అందుకే ఇక్కడ ఫ్లోరైడు బోర్ల కంటే సాగర్ కుడికాలువ నీరు మేలు. అయితే కాలువ నీటితో నింపిన చెరువులో మట్టి, నాచు, ఆకులు, క్రిములు ఉంటాయి. వాటిని శుద్ధి చేయక తప్పదు.

క్లోరిన్‌తో చిక్కేమిటి?

క్లోరిన్ క్రిములను చంపుతుంది. కానీ నీటిలో కుళ్లిన ఆకు, నాచు ఉంటే వాటితోనూ కలిసి ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు తయారవుతాయి. క్లోరోఫారం వాటిలో ఒకటి. ఈ సంగతిని 1974లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త రూక్ బయటపెట్టారు. నీరు వెచ్చగా ఉన్నా, ఎక్కువసేపు నిల్వ ఉన్నా ఇవి పెరుగుతాయి. తాగునీటిలో క్లోరోఫారం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం.

అలాగని బ్లీచింగ్ మానితే మొదటికే మోసం. ఈ పదార్థాల కీడు ఏళ్ల తరబడి తాగితే రాగల ముప్పు. కలరా, విరేచనాలు ఒక్కరోజులోనే ప్రాణం మీదికి తెస్తాయి. వీటికి భయపడి క్రిములను చంపడంలో రాజీ పడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

ఓజోన్ సంగతి?

గాలిలోని ఆక్సిజన్‌కు కరెంటు తగిలించి ఓజోన్ తయారు చేస్తారు. ఫ్రాన్సులోని నీస్ నగరంలో 1906 నుంచే దీంతో తాగునీటిని శుద్ధి చేశారు. ఇది క్లోరిన్ కంటే చురుగ్గా క్రిములను చంపుతుంది, వాసన మిగల్చదు. కానీ కొద్దిసేపటికే విరిగిపోతుంది. ఆ తర్వాత పైపు పగిలి మురుగు కలిసినా, క్యానులో చెయ్యి ముంచినా కాపాడేది ఏమీ మిగలదు. పైగా నీటిలో బ్రోమైడు ఉంటే ఓజోన్ దాన్ని బ్రోమేటుగా మారుస్తుంది. ఇదీ క్యాన్సర్ అనుమానం ఉన్నదే. దీనికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. ఉప్పు నీటి బోర్లలో బ్రోమైడు ఉండే అవకాశం ఎక్కువ.

ఇంకో మాట గుర్తుంచుకోండి. క్లోరిన్ గానీ ఓజోన్ గానీ ఫ్లోరైడును తీయవు. నీళ్లు కాచినా అది పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మరింత చిక్కబడుతుంది. ఫ్లోరైడు పోవాలంటే ఆర్.ఓ. వంటి పద్ధతి వేరే ఉండాలి.

ఏం చేయాలి?

• చెరువులో నాచు పేరుకోనివ్వకండి. గట్టు మీది ఆకులు, పశువుల పేడ నీటిలో పడకుండా చూడండి.

• ఇసుక ఫిల్టరు దాటి తేటబడ్డ నీటికే బ్లీచింగ్ కలపాలని పంచాయతీని అడగండి. చెత్త తగ్గితే పౌడరూ తక్కువే పడుతుంది, చెడు పదార్థాలూ తగ్గుతాయి.

• 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు 4 గ్రాములు 1000 లీటర్లకు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము అందుతుంది. పౌడరును బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వదలాలి. తడి తగిలిన పాత పౌడరులో సత్తువ ఉండదు.

• చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. క్లోరోస్కోపుతో పరీక్షించమని అడగండి.

• వాసన గిట్టకపోతే నీళ్లు కాచి చల్లార్చుకోండి. క్లోరిన్, క్లోరోఫారం చాలావరకు ఆవిరైపోతాయి. చల్లారిన నీటికి మూత పెట్టి, పిడి ఉన్న గరిటెతోనే ముంచుకోండి.

• క్యాను నీళ్లు కొనేవారు ప్లాంటు వారిని ఓజోన్ గురించే కాదు, ఫ్లోరైడు పరీక్ష చీటీ కూడా అడగండి. అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది.