లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నాయా?

కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతుంటారు. పాలు పొంగుతున్నాయని గబుక్కున లేస్తారు. అంతే, కళ్ళు బైర్లు కమ్ముతాయి. గోడ పట్టుకుని కాసేపు నిలబడితే సర్దుకుంటుంది. ‘ఏదో నీరసంలే’ అనుకుని మళ్ళీ పనిలో పడిపోతారు. ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు. తరచూ అవుతుంటే మాత్రం ఊరుకోకండి.

ఎందుకిలా?

మనం నిలబడగానే అర లీటరు పైచిలుకు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగిసి, గుండె వేగం పెరిగి, మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. ఈ సర్దుబాటు ఆలస్యమైతే బి.పి. పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఎండల్లో చెమట, వాంతులు, విరేచనాలు, రక్తహీనత, నెలసరిలో అధిక రక్తస్రావం, ఏళ్ళ తరబడి ఉన్న షుగరు, కొన్ని బి.పి. మాత్రలు ఇందుకు కారణాలు. గర్భిణులకూ ఇలా జరగవచ్చు. రథసప్తమికి అరసవల్లిలోనో, సిరిమానోత్సవానికి విజయనగరంలోనో ఉపవాసంతో గంటలకొద్దీ నిలబడితే కళ్ళు తిరిగేదీ చాలావరకు ఇందుకే.

పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలినప్పుడు గది గిర్రున తిరిగినట్టుంటే అది వేరు. చాలాసార్లు అది లోపలి చెవికి సంబంధించినది.

నిలబెట్టి చూడాలి

ఆస్పత్రిలో కూర్చోబెట్టి బి.పి. చూస్తే ఈ సంగతి బయటపడకపోవచ్చు. 5 నిమిషాలు పడుకున్నాక ఒకసారి, నిలబడిన 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ పడితే కారణం వెతకాలి. ఇంట్లో మిషను ఉంటే మీరే చూసి, కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. అంతేగానీ బి.పి. మాత్రలు సొంతంగా మానేయకండి.

ఇలా చేయండి

* మంచం మీంచి ఒక్కసారిగా లేవకండి. ముందు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, ఆ తర్వాత నిలబడండి.
* కళ్ళు తిరగబోతున్నట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా అక్కడే కూర్చోండి, వీలైతే పడుకోండి.
* బాగా వేడినీళ్ళ స్నానం, కడుపు నిండా భోజనం అయ్యాక నెమ్మదిగా లేవండి.
* అత్తగారు, మామగారు రాత్రి బాత్రూముకు లేస్తుంటే దారిలో చిన్న దీపం ఉంచండి. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

ఉద్దానం ఆడపడుచులకు

కళ్ళు తిరిగిన మనిషికి కొబ్బరి బొండం కొట్టివ్వడం మన ఇళ్ళలో అలవాటు. మామూలు మనిషికి మంచిదే. కానీ కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. కిడ్నీలు దెబ్బతిన్నవారికి బొండం నీళ్ళలోని పొటాషియం ఒంట్లో పేరుకుపోతే గుండె లయ తప్పుతుంది. ఉప్పు నీళ్ళు, చెంబులకొద్దీ మంచినీళ్ళు కూడా వారికి పడకపోవచ్చు. ఎంత తాగవచ్చో డాక్టరునే అడగండి. డయాలిసిస్ అయ్యాక బి.పి. పడిపోవడం మామూలే కాబట్టి మీవారిని వెంటనే బస్సుకు తొందరపెట్టకండి. కాసేపు కూర్చోబెట్టి, బి.పి. చూపించాకే లేపండి. ఒళ్ళు నొప్పులని మందుల షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకోవద్దు, కిడ్నీలకు చేటు.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంతం వారు కళ్ళు తిరగడంతో పాటు కాళ్ళ వాపు, ఆకలి లేకపోవడం ఉంటే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మేలు.

ఆలస్యం వద్దు

స్పృహ తప్పినా, గుండెలో నొప్పి, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈసారి బి.పి. చూపించుకున్నప్పుడు ‘లేవగానే కళ్ళు తిరుగుతున్నాయండీ, ఓసారి నిలబెట్టి కూడా చూడండి’ అని మొహమాటం లేకుండా అడగండి.