కనబడని తిమింగలానికీ లెక్క ఉంది!
వేటగాళ్ల మాట నిజమని తేల్చిన నీటి మైకులు

మంద ఇంటికి చేరే వేళ దొడ్డి వాకిట నిలబడితే గొర్రెల లెక్క తేలిగ్గానే తేలుతుంది. అదే మంద చీకట్లో, కంచె కిందుగా, నాలుగు పక్కల నుంచీ దూరితే? వాకిట్లో కనబడినవే మొత్తం మంద అనుకుంటే ఆ లెక్క తప్పినట్లే. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో తిమింగలాల విషయంలో సరిగ్గా ఇలాగే జరిగింది. ఆ తప్పు లెక్క మూలంగా 1977లో అక్కడి గ్రామాల ప్రజల తిండికే ముప్పు వచ్చింది.

అలాస్కా ఉత్తర కొసన, మంచు సముద్రం ఒడ్డున ఉట్కియాగ్విక్ అనే ఊరు ఉంది. 2016 వరకు దీని పేరు బారో. ఇక్కడి ఇన్యుపియాట్ జాతి ప్రజలకు పంటలు లేవు, పండే నేలా లేదు. తరతరాలుగా సముద్రమే వారి పొలం. ఏటా వసంతంలో సీలు చర్మం కప్పిన పడవల్లో వెళ్లి బోహెడ్ అనే తిమింగలాన్ని వేటాడతారు. ఒక్కొక్కటి 50 నుంచి 60 అడుగుల పొడవుంటుంది. దొరికిన మాంసాన్ని అమ్ముకోరు. ఊరంతా పంచుకుని, గడ్డకట్టిన నేలలో తవ్విన గోతుల్లో దాచుకుంటారు.

ఈ తిమింగలాలను కొల్లగొట్టింది మాత్రం వారు కాదు. 1848 నుంచి సుమారు 60 ఏళ్లపాటు వ్యాపార ఓడలు వచ్చి దీపాల నూనె కోసం, నోటిలోని దువ్వెనలాంటి పలకల కోసం వేలకొద్దీ చంపాయి. ఓడల వ్యాపారం అంతరించేనాటికి మిగిలినవి కొద్దే.

నిషేధం పిడుగు

1970లలో అధికారులు ఈ తిమింగలాలను లెక్కించడం మొదలుపెట్టారు. 600 నుంచి 2 వేల లోపే ఉంటాయని అంచనా వేశారు. దీని ఆధారంగా అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ 1977లో గ్రామస్థుల వేటను కూడా నిషేధించింది. ప్రజలు గగ్గోలు పెట్టారు. వేట నాయకులందరూ ఏకమై అదే ఏడాది సొంత సంఘం పెట్టుకున్నారు. చివరకు ఆ డిసెంబరులో కమిషన్ కొంత మెత్తబడింది. 1978 సంవత్సరానికి అన్ని ఊళ్లకూ కలిపి 12 తిమింగలాలను ఒడ్డుకు చేర్చుకోవచ్చని, లేదా 18 మించకుండా ఈటె వేయవచ్చని అనుమతించింది.

వేటగాళ్ల వాదన ఒక్కటే. "మీరు చూసినవి కొన్ని, చూడనివి ఎన్నో" అన్నారు. బోహెడ్లు శీతకాలం దక్షిణాన బేరింగు సముద్రంలో గడిపి, ఏప్రిల్ నుంచి జూన్ మధ్య ఈ ఊరి ముందు నుంచే తూర్పుకు సాగుతాయి. మంచు పగిలి ఏర్పడిన నీటి దారిలో పోయేవే లెక్కకు వస్తాయి. అయితే కొన్ని ఒడ్డుకు దూరంగా పోతాయని, కొన్ని మంచు కిందనే ఈదుతూ, ఊపిరి కోసం తలతో మంచును పగలగొట్టుకుంటాయని హ్యారీ బ్రౌవర్ అనే అనుభవజ్ఞుడైన వేటగాడు వివరించారు. పరిశోధన కోసం వచ్చిన థామస్ ఆల్బర్ట్ అనే పశువైద్యుడు ఆ మాటను కొట్టిపారేయలేదు, పరీక్షించి చూద్దామన్నారు. స్థానిక పాలక సంస్థ లెక్కింపు బాధ్యతను తన చేతికి తీసుకుంది.

లెక్క ఎలా?

ఒడ్డున మంచు గుట్టల మీద మంచెలాంటి స్థానం ఏర్పాటు చేశారు. వేసవికి ముందే అక్కడ సూర్యుడు అస్తమించడం మానేస్తాడు కాబట్టి రేయింబవళ్లు వంతులవారీగా కాపు కాశారు. తెల్ల ఎలుగుబంట్లు వస్తాయని తుపాకీలతో కాపలా పెట్టుకున్నారు.

కళ్ల ముందు నుంచి పోయినా కంట పడనివి ఎన్ని? దీనికి రెండు స్థానాల్లో రెండు బృందాలను విడివిడిగా కూర్చోబెట్టారు. ఉదాహరణకు మొదటి బృందం 80 తిమింగలాలను, రెండో బృందం 60ని చూసిందనుకుందాం. రెండు చీటీలూ పోల్చితే 48 ఇద్దరికీ కనబడ్డాయి. అంటే రెండో బృందం చూసిన 60లో 48, నూటికి 80 వంతున, మొదటి బృందానికి చిక్కాయి. అదే వంతున చూస్తే మొదటివారికి కనబడిన 80 అంటే అసలు పోయినవి 100 అన్నమాట. ఇద్దరూ కలిసి చూసినవి 92. ఎవరికీ కనబడని 8 తిమింగలాలు ఇలా లెక్కలోకి వస్తాయి.

మంచు కింద, దూరాన పోయేవాటికి మరో ఉపాయం చేశారు. 1980లలో మంచు అంచు వెంట నీటిలోకి మైకులు దించారు. బోహెడ్లు దారి పొడుగునా అరుస్తూ పోతాయి. ఒకే అరుపు ఒక్కో మైకుకు ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ తేడాను బట్టి అది ఎక్కడ ఉన్నదీ చెప్పవచ్చు. నీటి దారి మూసుకుపోయి కంటికి ఒక్కటీ ఆనని రోజుల్లో సైతం మైకులో అరుపులు వినబడ్డాయి. మంచెకు 4 కిలోమీటర్ల అవతల ఎంత భాగం పోతున్నాయో తెలిసింది. వేటగాళ్ల మాట అక్షరాలా నిజమని రుజువైంది.

పెరిగిన సంఖ్య

2001లో వేసిన అంచనా ప్రకారం బోహెడ్ల సంఖ్య 10 వేలు దాటింది. 1978 నుంచి అవి ఏటా నూటికి మూడుకు పైగా పెరుగుతూ వచ్చాయి. 2011 అంచనా 16 వేల 8 వందలకు పైగా ఉంది. ఇటువంటి అంచనాతోపాటు ఎంతకు తగ్గదు, ఎంతకు మించదు అన్న హద్దులు కూడా చెబుతారు. 2011లో ఆ హద్దులు దాదాపు 15 వేలు, 19 వేలు. 2018లో కమిషన్ ఆమోదించిన కోటా మేరకు 2019 నుంచి ఏడేళ్లకు 392 తిమింగలాల వేటకు అనుమతి లభించింది.

అయితే మంచెల మీద లెక్క రానురాను కష్టమవుతోంది. సముద్రపు మంచు పలచబడి దానిమీద నిలవడమే ప్రమాదమైంది. 2019లో మంచె లెక్క 12,505 చూపగా, అదే ఏడాది విమానంలో వరుస గీతలుగా ఎగిరి వేసిన అంచనా 17,175 వచ్చింది. మంచె లెక్కకు ఆ ఏడాది హద్దులు చాలా వెడల్పు. అందుకే ఒక్క పద్ధతిని నమ్ముకోకుండా రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. కోటా ఎంతన్నది ఈ లెక్క మీదే ఆధారపడింది కనుక ఎక్కువ చెప్పినా తిమింగలానికి చేటు, తక్కువ చెప్పినా ఊళ్లకు పస్తు.