బట్టల బీరువా – దాని యమరిక

అన్నము తరువాత మనుష్యున కావశ్యకమైనది వస్త్రము. వంటయింట నుప్పు ఎచ్చట నున్నదో, పప్పు ఎచ్చట నున్నదో చీకటిలోనైనను చేయి చాపి తీయగలము. బట్టల విషయమున నట్టి పద్ధతి చాల యిండ్లలో కానరాదు. బడిగంట సమీపించుచుండగా నొకరు చొక్కా కొఱకును, ఒకరు లంగా కొఱకును, మఱియొకరు మేజోళ్లలో రెండవదాని కొఱకును బీరువాను తలక్రిందులు చేయుదురు. తుదకు పొయ్యియొద్ద నున్న తల్లిని పిలుతురు. ఆమె వచ్చి క్షణములో తీసి యిచ్చును. ఏలయన, ఆ యింట నందఱి బట్టల జాడయు నామె జ్ఞాపకములో మాత్రమే యున్నది. ఆ భారము నొక్కరి తలపై మోపక, బీరువాను చూచిన మాత్రాన నెవరి బట్ట వారికి దొరకునట్లు చేయుటయే యమరిక యని మా యభిప్రాయము.

మన పూర్వుల యిండ్లలో దండెములు, చిలుకకొయ్యలు, కావిడిపెట్టెలు, భోషాణములు నుండెడివి. నిత్యము కట్టు బట్ట దండెముమీదను, పండుగ బట్ట పెట్టెలోను నుండుటచే రెండును కలిసెడివి కావు. నేడు రెంటిని నొకే బీరువాలో నుంచుచున్నాము. చిక్కు అందుండియే పుట్టినది.

అమరికకు మొదటి పని బీరువాను పూర్తిగా ఖాళీ చేయుట. ఎండ కాయు దినమున బట్టలన్నియు చాపపై నుంచి నాలుగు కుప్పలుగా విభజింపవలెను. నిత్యము వాడునవి మొదటి కుప్ప. పండుగలకును చలికాలమునకును వలయునవి రెండవది. గుండీ యూడినవి, కుట్టు విడినవి మూడవది. పొట్టియైనవి, ఏడాదిగా నెవరును తొడుగనివి నాలుగవది. మూడవ కుప్పను కుట్టకుండ లోపల పెట్టరాదు. నాలుగవదానిని గట్టిగా నున్నప్పుడే యుతికి, మడిచి, కావలసినవారి కీయవలెను. చినిగిన పిదప నిచ్చునది దానము కాదు. చినిగిన నూలుబట్ట బొంతకును మసిగుడ్డకును పనికివచ్చును.

ఇక నఱల సంగతి. బట్టల రకమునుబట్టి కాక మనిషినిబట్టి యఱలు పంచుట మేలు. అందఱి చొక్కాలు నొకచోట నున్నచో నొకరు వెదకునప్పుడు నలుగురి మడతలు చెడును. చిన్నపిల్లల కడుగు అఱ నీయవలెను. అప్పుడే వారు తమంతట తీసికొనగలరు. పెద్దల నిత్యపు బట్టలు నడుమునకును కంటికిని నడుమ నుండవలెను. అరుదుగా వాడునవి పై యఱకు పోవచ్చును. దొంతి జానెడెత్తునకు మించినచో క్రింది బట్టను లాగునప్పుడు పైవన్నియు కూలును. ఉతికి వచ్చిన బట్టను దొంతి యడుగున నుంచి, వాడుటకు పైనుండి తీయవలెను. ఇట్లు చేసిన బట్టలన్నియు సమానముగా నరుగును. లేనిచో నాలుగు చొక్కాలున్నను రెండే చినుగును. బడిదుస్తుల చొక్కా, లాగు లేక లంగా, మేజోళ్లు ఒక్క జతగా మడిచి యుంచినచో ఉదయపు వెదకులాట తప్పును. చేతిరుమాళ్ల వంటి చిన్న వస్తువులకు పాత బిస్కత్తు డబ్బా చాలును.

అమర్చిన బట్టలను కాపాడవలసిన శత్రువులు రెండు: చెమ్మ, పురుగు. మన ప్రాంతమున జూన్ మొదలు సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనము, పిదప కోస్తాలో డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనము గాలిలో తేమను నింపును. ఆ కాలమున బట్ట పైకి ఎండినట్లు కనబడినను అంచు మడతలోను, జేబులోను, నాడా యుండు చోటను తడి మిగులును. దానిని లోపల పెట్టినచో బూజు పట్టి, ప్రక్క బట్టలకును వ్యాపించును. కావున చేతితో నొత్తి చూచి మఱి పెట్టవలెను. ఇస్త్రీ చేసిన బట్టను వేడి తగ్గిన పిదపనే లోపల నుంచవలెను. బీరువాను గోడకు నాలుగంగుళములు దూరముగా జరిపి, ఎండ కాసిన దినములలో నొక గంట తలుపులు తెఱచియుంచుట మంచిది.

పురుగులలో ఉన్నిని తినునది ఎగురు చిమ్మట యని పలువురు తలంతురు. ఎగురు చిమ్మట బట్టను తినదు. అది పెట్టిన గ్రుడ్లనుండి వచ్చు చిన్నపురుగే ఉన్నిని, పట్టును కొఱుకును. చెమట, తినుబండారముల మరకలున్న చోటు దానికి మఱింత ప్రీతి. వెండివలె మెఱయుచు పరుగెత్తు రెక్కలులేని సన్నని పురుగునకు గంజి ఇష్టము. కావున చాలకాలము దాచు బట్టను శుభ్రముగా నుతికి, గంజి లేకుండ దాచవలెను.

పురుగులకై కలరా ఉండలను, అనగా నాఫ్తలీను ఉండలను, వేయుట మన యిండ్లలో వాడుక. తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యిది. ఈ యుండలను మిఠాయి యని భ్రమించి పిల్లలు మ్రింగవచ్చును. అంతియే కాదు. కొందఱి రక్తకణములలో జి.6.పి.డి. అను ఎంజైము పుట్టుకతోనే కొఱతగా నుండును. అట్టివారికి నాఫ్తలీను సోకినచో ఎఱ్ఱ రక్తకణములు పగిలి, రక్తహీనతయు కామెర్లును కలుగవచ్చును. అప్పుడే పుట్టిన బిడ్డలో కామెర్లు ముదిరినచో మెదడునకే హాని. మొదటి బిడ్డ చొక్కాలను కలరా ఉండలతో దాచి, రెండవ బిడ్డకు పెట్టెనుండి తీసి తొడుగుట చాలచోట్ల కలదు. ఇది చేయరాదు. పసిబిడ్డల బట్టలయొద్దను, దుప్పట్లయొద్దను ఆ యుండలను అసలే యుంచవలదు. బాగుగా నెండిన వేపాకును పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టుట పెద్దల పద్ధతి. అయినను శుభ్రత, గాలి, వెలుతురులకు సాటియైన మందు లేదు.

పట్టుబట్టలకు ప్రత్యేక శ్రద్ధ వలయును. ధర్మవరపు పట్టుచీర యైనను, నూలునేతకు పట్టు అంచు చేర్చిన గద్వాల చీర యైనను, ఉతికిన పాత తెల్లపంచెలో చుట్టి యుంచవలెను. ప్లాస్టిక్ సంచి చెమ్మను లోపలనే బంధించును. వెండిజరీ గాలిలోని గంధకపు పదార్థములవలన నల్లబడును. అత్తరు చల్లినను చెడును. ఒకే మడతలో నేండ్ల తరబడి యున్న పట్టు ఆ మడతవెంటనే చీలును గాన, మూడు నెలల కొకసారి విప్పి, నీడలో గాలి పోసి, మడత మార్చి పెట్టవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇందు తల్లిదండ్రులు చేయవలసినది కొంత, మీరు చేయవలసినది కొంత. వారమున కొకసారి పావుగంట మీ యఱను మీరే సర్దుకొనుడు. ఇది బాలికల పని యని బాలురు తప్పుకొనరాదు. చొక్కా తొడుగువాడు దానిని మడుచుటయు నేర్వవలెను. అమరిక చక్కగా నున్నదో లేదో తెలిసికొనుట సులభము. తల్లి వారము దినములు పుట్టింటికి వెళ్లినను, ఇంటిలోని పిల్లలందఱు తమ బట్టలు తామే తీసికొని వేళకు బడికి రాగలిగినచో, ఆ బీరువా సరిగా నమరినదని చెప్పవచ్చును.