పక్కన కూర్చున్న పదకొండు నెలలు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలతో మాట్లాడినప్పుడల్లా ఒక సంగతి మాకు వినిపిస్తుంది. సెప్టెంబరు వచ్చిందంటే శనివారాలు పిల్లలు కాలేజీ ఫుట్‌బాల్ ముందు నుంచి కదలరట. పెద్దవాళ్లకు ఆ ఆట అర్థం కాదు, పిల్లలకు విడమరచి చెప్పే ఓపిక ఉండదు. మేమూ చాలాకాలం ఆ పెద్దవాళ్ల వరుసలోనే ఉన్నాం. అయితే ఆ ఆట ఆడే జేలెన్ హర్ట్స్ అనే యువకుడి సంగతి తెలిశాక, ఆత్మవిశ్వాసం గురించి యౌవనస్థుల కూడికల్లో మేము చెబుతూ వచ్చిన కొన్ని మాటలను మళ్లీ తూచి చూసుకోవలసి వచ్చింది. అందుకే ఈ వారం సంపాదకీయంలో ఆ కథ.

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. ఇది మన పిల్లలు కాలితో తన్ని ఆడే ఫుట్‌బాల్ కాదు. మైదానంలో జట్టుకు 11 మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, పరిగెత్తి ఎదుటివారి చివరి గీత దాటించాలి. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు జరగాలి, జరగకపోతే బంతి ఎదుటివారి వశమవుతుంది. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికి. చేరాక అతనికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త సమయంలోనే వంద కిలోలు దాటిన మనుషులు అతన్ని పడగొట్టడానికి దూసుకొస్తుంటారు. అతను మాత్రం వాళ్లను కాక, దూరంగా పరిగెత్తుతున్న తనవాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి. హర్ట్స్ చదివిన అలబామా విశ్వవిద్యాలయం మైదానంలో లక్ష మంది పడతారు. ఆ లక్ష మంది ఎదుట నిలబడే వాడి వయసు మన ఇంజనీరింగ్ మొదటి, రెండో సంవత్సరం పిల్లవాడి వయసు.

హర్ట్స్‌ది టెక్సస్‌లోని హ్యూస్టన్ ప్రాంతం. తండ్రి హైస్కూలు జట్టుకు కోచ్. 2016లో 18 ఏళ్ల వయసులో అలబామాకు ఆడటం మొదలుపెట్టాడు. మైదానంలో దిగిన మొదటి ప్రయత్నంలోనే బంతి చేజార్చుకున్నాడు. అయినా ఆ మ్యాచ్ అలబామా 52-6తో గెలిచింది. ఆ ఏడాది వరుసగా గెలుస్తూ జాతీయ ఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ క్లెమ్సన్ మీద, ఇంకా రెండు నిమిషాల పైచిలుకు ఆట మిగిలి ఉండగా, హర్ట్స్ స్వయంగా 30 గజాలు పరిగెత్తి జట్టును ముందుకు తెచ్చాడు. క్లెమ్సన్ ఒక్క సెకను మిగిలి ఉండగా గీత దాటించి 35-31తో గెలిచింది.

మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్. 2018 జనవరి 8, అట్లాంటాలోని మెర్సిడెస్-బెంజ్ స్టేడియం, ఎదుటి జట్టు జార్జియా. సగం ఆట ముగిసేసరికి అలబామా 0-13తో వెనుకబడి ఉంది. హర్ట్స్ విసిరిన 8 పాసుల్లో మూడే తనవాళ్లకు చేరాయి, వచ్చింది 21 గజాలు. విరామంలో కోచ్ నిక్ సేబన్ అతన్ని పక్కన కూర్చోబెట్టి, మొదటి సంవత్సరం కుర్రవాడు టువా టాగోవైలోవాను దింపారు. అంతవరకు హర్ట్స్ ఆడించిన 28 మ్యాచ్‌ల్లో జట్టు ఓడింది రెండే. ఆ లెక్క ఆ విరామంలో అక్కరకు రాలేదు. టువా స్కోరు సమం చేయించాడు. అదనపు సమయంలో మొదట 16 గజాలు వెనక్కి పడగొట్టించుకుని, వెంటనే 41 గజాల దూరానికి డివోంటా స్మిత్ చేతుల్లోకి బంతి విసిరి 26-23తో కప్పు గెలిపించాడు. దేశమంతా టీవీలో చూస్తుండగా హర్ట్స్ టువా దగ్గరికి వెళ్లి అతనితో కలిసి సంబరం చేసుకున్నాడు.

అక్కడితో ఆపి చాలామంది దీన్ని తగ్గింపు మీద ప్రసంగంగా చెబుతారు. మాకు అక్కడ ఆపాలనిపించదు.

ఒత్తిడిలో మనిషికి ఏమవుతుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొంత వివరించారు. 1984లో రాయ్ బామైస్టర్ అనే అమెరికన్ పరిశోధకుడు చెప్పిన మాట ఇది: పందెం పెద్దదయ్యేకొద్దీ మనిషి దృష్టి పని మీద నుంచి తన మీదికి తిరుగుతుంది, తాను ఎలా చేస్తున్నానో తానే కాపలా కాయడం మొదలుపెడతాడు, అలవాటుగా సాగే పని అక్కడ తడబడుతుంది. తరువాత సియాన్ బైలాక్ అనే పరిశోధకురాలు గోల్ఫ్ ఆటగాళ్లతో చేసిన పరీక్షల్లోనూ అదే కనిపించింది. అనుభవమున్నవారిని తమ చేతి కదలికను గమనిస్తూ కొట్టమంటే గురి తగ్గింది. మనసుకు వేరే పని అప్పగించినప్పుడు అదే చెయ్యి బాగా కొట్టింది. ఇది అర్థం కావడానికి మాకు గోల్ఫ్ అక్కర్లేదు. సెమినరీలో ప్రసంగ తరగతిలో మొదటిసారి నిలబడ్డప్పుడు, మా గొంతు మాకే వినిపించడం మొదలైన క్షణాన మూడో పాయింటు ఎగిరిపోయింది. అధ్యాపకులు నవ్వలేదు గానీ, తోటివాళ్లు నవ్వారు.

మరి నిబ్బరం ఎక్కడి నుంచి వస్తుంది? ఆల్బర్ట్ బండూరా 1977లో దీనికి నాలుగు ఊటలు చెప్పాడు. తాను స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, తనలాంటి వాళ్లు చేయగా చూడటం, ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాటలు, తన ఒంటి స్థితిని తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే బలమైనదని ఆయన అభిప్రాయం. మాటలకు బలం తక్కువ. వేదిక మీద నుంచి పిల్లలతో "నీవు చేయగలవు" అని మూడుసార్లు గట్టిగా చెప్పించే మాబోటి వాళ్లకు ఇది కొంచెం ఇబ్బందికరమైన సంగతే.

ఇప్పుడు ఆ పదకొండు నెలలు. 2018 సీజన్ టువా పేరుతో మొదలైంది. హర్ట్స్ రెండోవాడు. రెండో క్వార్టర్‌బ్యాక్ అంటే అభ్యాసంలో తక్కువ వంతులు దొరికేవాడు, మ్యాచ్ రోజున హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఆ ఆగస్టులో విలేకరుల ముందు అతను ఒక మాట బయటపెట్టాడు. వసంతకాలమంతా గడిచినా కోచ్‌లతో సహా ఎవరూ తన దగ్గరికి వచ్చి నీకెలా ఉంది అని అడగలేదని, తన భవిష్యత్తు గురించి అందరూ మాట్లాడారు గాని తనతో మాట్లాడలేదని. టీవీలో సంబరం చేసుకుంటూ కనిపించిన వాడి లోపల ఇంత ఉంది. ఆ మాట చదివినప్పుడు మేము కాసేపు ఆగిపోయాం. పాటల బృందంలో ముందు వరుస నుంచి వెనక్కి మార్చిన అమ్మాయిని, కమిటీ మారాక బాధ్యత పోయిన సండేస్కూల్ ఉపాధ్యాయుణ్ణి మేము ఎంతమందిని చూడలేదు! వాళ్లు ఆదివారం నవ్వుతూ కరచాలనం చేస్తే, తగ్గింపు గలవారని మెచ్చుకుని ముందుకు వెళ్లిపోయాం. అడగలేదు.

హర్ట్స్‌కు దారి లేక కాదు. ఆ సంవత్సరమే నిబంధన మారింది. నాలుగు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు, వేరే విశ్వవిద్యాలయంలో మొదటివాడిగా ఆడుకోవచ్చు. అదే సెప్టెంబరులో క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్ స్థానం పోగానే, నాలుగు మ్యాచ్‌లతో ఆపి వెళ్లిపోయాడు. అది అతని హక్కు, అందులో తప్పు పట్టడానికి మాకేమీ కనబడదు. హర్ట్స్ మాత్రం అయిదో మ్యాచ్‌లోనూ దిగాడు, ఆ ఏడాదిని అక్కడే ఖర్చు పెట్టుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్‌లకు కొత్తగా వచ్చిన కోచ్ డాన్ ఈనోస్ దగ్గర, తనను పక్కన పెట్టడానికి కారణమైన లోపం మీదే, అంటే బంతి విసరడం మీదే, పని చేశాడు. డిగ్రీ చదువూ ముగింపుకు తెచ్చాడు.

2018 డిసెంబరు 1. మళ్లీ అట్లాంటా, అదే స్టేడియం, అదే జార్జియా. ఈసారి టువాకు రోజు బాగోలేదు. 25 పాసుల్లో 10 మాత్రమే చేరాయి, రెండు ఎదుటివారి చేతికి చిక్కాయి, చివరికి చీలమండకు దెబ్బ తగిలి బయటికి వచ్చాడు. స్కోరు 21-28. నాలుగో క్వార్టర్‌లో సుమారు 11 నిమిషాలు మిగిలి ఉండగా హర్ట్స్ హెల్మెట్ పెట్టుకుని లోపలికి వెళ్లాడు. 9 పాసులు విసిరితే 7 చేరాయి. 10 గజాల పాసుతో జెర్రీ జూడీ చేత గీత దాటించి స్కోరు సమం చేశాడు. ఒక నిమిషం పైచిలుకు మిగిలి ఉండగా తానే 15 గజాలు పరిగెత్తి 35-28 చేశాడు. కఠినుడిగా పేరున్న సేబన్ ఆ తర్వాత టీవీ ముందు మాట్లాడుతూ గొంతు పూడుకుపోయి తంటాలు పడ్డారు.

చూసినవాళ్లు దాన్ని అద్భుతమన్నారు. మాకు కనబడింది మామూలు సంగతి. తనను కూర్చోబెట్టిన చోట, తనను కూర్చోబెట్టిన జట్టు మీద, అతనికి పోగొట్టుకోవడానికి ఇక ఏ స్థానమూ లేదు, కాబట్టి తనను తాను కాపలా కాసుకోవలసిన పనీ లేదు. దృష్టంతా పని మీదే ఉంది. పని చేతిలో సిద్ధంగా ఉంది, ఎందుకంటే ఎవరూ చూడని ఆ నెలల్లో చేసి ఉంచుకున్నాడు.

ఇక్కడ మన భాష మనల్ని కొంచెం తికమక పెడుతుంది. ఆత్మవిశ్వాసం అనే మాటలో విశ్వాసం ఉంది గనుక, రెండింటినీ కలిపి ప్రసంగం చేయడం సులువు. నమ్మితే గెలుస్తావు అనేస్తాం. కానీ ఆ జనవరి రాత్రి కప్పు గెలిచిన టువా మొదట ప్రభువైన యేసుక్రీస్తుకు కృతజ్ఞత చెప్పాడు. పక్కన కూర్చున్న హర్ట్స్ కూడా తన విశ్వాసాన్ని బహిరంగంగా చెప్పుకునేవాడే. ఓడిన జార్జియా జట్టులో ప్రార్థించినవాళ్లు లేరా? దేవుడు ఆ రాత్రి ఎవరి పక్షం అని మమ్మల్ని అడిగిన యౌవనస్థులున్నారు. స్కోరుబోర్డు చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మేము మానుకున్నాం.

మానుకోవడమే మంచిదని హర్ట్స్ తరువాతి సంవత్సరాలు చూసినా తెలుస్తుంది. 2019లో ఓక్లహోమాకు మారి ఆ ఏడాది హైస్మన్ బహుమతి ఓటింగులో రెండోవాడిగా నిలిచాడు. సీజన్ చివర అదే అట్లాంటా స్టేడియంలో ఎల్ఎస్‌యూ చేతిలో 28-63తో ఓడాడు. ఎంత నిబ్బరం ఉన్నా ఆ రోజు ఓటమి ఆగలేదు. 2020లో ఫిలడెల్ఫియా ఈగల్స్ అతన్ని ఎంచుకుంది, అదీ 53వ పేరుగా. 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో అతని చేతినుంచి జారిన బంతిని కాన్సాస్ సిటీ ఆటగాడు ఎత్తుకెళ్లి గీత దాటించాడు. అదే మ్యాచ్‌లో హర్ట్స్ తాను మూడుసార్లు గీత దాటాడు, అయినా జట్టు 35-38తో ఓడింది.

రెండేళ్లకు, 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. ఈగల్స్ 40-22తో గెలిచింది, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు హర్ట్స్. మూడో క్వార్టర్‌లో అతను 46 గజాల దూరానికి ఒక బంతి విసిరాడు. పట్టింది డివోంటా స్మిత్. ఏడేళ్ల క్రితం అట్లాంటాలో టువా విసిరిన బంతిని పట్టినవాడూ ఈ స్మితే. అప్పుడు హర్ట్స్ గీత బయట నిలబడి చూస్తున్నాడు.